57 బాక్సులు ఆగిపోతున్నాయి: డబ్బుల సంగతి, నా మనసులో మాట

అందరికీ నమస్కారం. నిన్నటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను. మన వంటింటి నుంచి పిల్లల మధ్యాహ్న భోజనం బాక్సులు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లే స్కూల్లో వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మధ్యాహ్న భోజనం స్కూలే పెడుతుందట. కావాలన్నవాళ్లకు మాత్రమే కాదు, అందరూ అదే తినాలి. ఇంటి నుంచి బాక్సు తేకూడదు, బయటి నుంచి తెప్పించుకోకూడదు, నెలకు 2,400 ఫీజుతో కలిపి కట్టాలి. తల్లిదండ్రుల మీటింగులో చెప్పారు, కాగితం కూడా ఇచ్చారు.

ముందు లెక్క. విజయవాడ సింగ్‌నగర్‌లో మన వంటింటి నుంచి రోజుకు 148 బాక్సులు వెళ్తాయి, అందులో 61 ఆ ఒక్క స్కూలుకే. డాక్టరు చీటీ చూపించి నలుగురు పిల్లలకు అనుమతి తెచ్చుకున్నారు. మిగతా 57 ఈ నెల 30తో ఆగిపోతాయి. వచ్చే నెల డబ్బు ముందుగానే కట్టినవాళ్లకు మొత్తం వెనక్కి ఇస్తాను, ఒకటో తేదీలోపు ఫోన్‌పేలో వస్తుంది, మీరు గుర్తు చేయక్కర్లేదు. చేరేటప్పుడు స్టీలు బాక్సుకు కట్టిన 600 కూడా ఇస్తాను, సొట్ట పడిందనో రబ్బరు వదులైందనో రూపాయి కూడా పట్టుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు వంటింట్లోకి నడుము లోతు వచ్చి, స్టవ్వులు, బియ్యం బస్తాలు అన్నీ పోయినప్పుడు, ఆ నెల కట్టిన డబ్బు వెనక్కి అడగకుండా "ముందు మీరు నిలదొక్కుకోండి" అన్నది మీరే కదా, ఇప్పుడు నేను లెక్కలు చూసుకుంటే బాగుండదు.

ఇక రెండో సంగతి. "మీరేమంటారు, ఇది మంచిదేనా?" అని చాలామంది అడుగుతున్నారు. నా వ్యాపారం దెబ్బతినే విషయం కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి. కానీ బడిలో అన్నం పెట్టడానికి నేను వ్యతిరేకిని కాదు. మా అక్క పదేళ్లుగా ఒక ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. నెలకు 3 వేల గౌరవ వేతనం, బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్లో అప్పు తన పేరు మీదే. అయినా ఏ రోజూ పొయ్యి వెలిగించడం మానలేదు. 2001లో సుప్రీంకోర్టు బియ్యం పంచడం కాదు, వండిన భోజనమే పెట్టాలని చెప్పాక దేశమంతా ఈ పథకం గట్టిపడింది, తమిళనాడులో అయితే కామరాజు గారి కాలం నుంచే ఉంది. దానివల్ల బడికి వచ్చిన పిల్లలు ఎంతమందో మా అక్కలాంటివాళ్లను అడిగితే తెలుస్తుంది.

బాక్సుల్లో నాకు నచ్చనిదీ ఒకటుంది, అదీ చెప్పాలి. మొదటి ఏడాది బాక్సులు అందించడానికి నేనే వెళ్లేదాన్ని. ఒక స్కూల్లో మూడో తరగతి పాప రోజూ బాక్సు మూత సగం మాత్రమే తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని తినేది. లోపల ఉత్త పచ్చడన్నం. వాళ్లమ్మ పొద్దున ఆరింటికే పనికి వెళ్లాలి, అంతకంటే ఏం చేయగలదు? పక్కనే నెలకు 2 వేలు కట్టే మన బాక్సు, రెండు కూరలతో. ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మా అక్క బడిలో ఆ బాధ లేదు. అందరికీ ఒకే పప్పు, ఒకే గుడ్డు, ఒకే వరస. ఎవరింట్లో ఏం వండారో, అసలు వండారో లేదో ఎవరికీ తెలియదు. అందుకే ఈ స్కూలు వండుతానంటే సంతోషమే. నా అభ్యంతరమంతా ఆ "తప్పనిసరి" అన్న మాట దగ్గరే.

మా అక్క చెప్పిన సంగతే చూడండి. ఇదివరకు వాళ్ల బడిలో పెద్ద తరగతుల పిల్లలు చాలామంది ఇంటి నుంచే బాక్సు తెచ్చుకునేవాళ్లు, అన్నం ముద్దగా ఉందనేవాళ్లు. 2025 జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి సన్నబియ్యం వస్తోంది. బాక్సులు తేవద్దని ఎవరూ చెప్పలేదు, కాగితం పంచలేదు, అయినా తెచ్చుకునేవాళ్లు నెమ్మదిగా తగ్గిపోయారు. అన్నం బాగుంటే పిల్లలు తింటారు. బాగున్న అన్నానికి బాక్సుల మీద నిషేధం ఎందుకు?

మన బాక్సులు రెండింటికల్లా ఆటోలో తిరిగి వస్తాయని మీకు తెలుసు. కడిగే ముందు ప్రతి మూతా నేనే తీసి చూస్తాను. ఏం మిగిలిందో పుస్తకంలో రాస్తాను, రెండు రోజులు వరసగా అన్నం మిగిలితే ఆ అమ్మకు మెసేజ్ పెడతాను. మూడేళ్లలో ఆ పుస్తకం నాకు వంటకంటే ఎక్కువ నేర్పింది. బీరకాయ కూర చిన్నపిల్లల దగ్గర సగం వెనక్కి వస్తుంది, అదే బీరకాయ పప్పులో వేస్తే గిన్నె ఖాళీ. క్యాబేజీ వేపుడు చల్లారితే ఎవరూ ముట్టరు. ఒక బాబు వారం పాటు ఏమీ తినకుండా పంపితే వాళ్లమ్మకు చెప్పాను. ఆరా తీస్తే బస్సులో పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారని బయటపడింది. ఇంట్లో మీరు కట్టిచ్చే బాక్సు కూడా అంతే కదా, సాయంత్రం బ్యాగులోంచి తీసి చూడగానే పిల్లాడి మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలిసిపోతుంది. స్కూలు కంచంలో పిల్లాడు రెండు ముద్దలు తిని లేచిపోతే ఆ సంగతి మీకు ఎవరు చెప్తారు? ఆ మీటింగులో ఈ మాట ఎవరైనా అడిగారా?

ఒక నాన్నగారు "జపాన్‌లో పిల్లలందరూ స్కూల్లోనే తింటారు కదా, అక్కడ లేని బాధ ఇక్కడెందుకు" అని రాశారు. నిజమే, 1954 నుంచి అక్కడ దానికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. కానీ అక్కడ నెల మెనూ ముందుగానే ఇంటికి వస్తుంది, టీచరు క్లాసులో పిల్లలతో కూర్చుని అదే తింటారు, పిల్లలే వంతులవారీగా వడ్డిస్తారు, పిల్లలకంటే ముందు హెడ్మాస్టరు తిని చూస్తారు. అవన్నీ మన దగ్గర కూడా పెట్టనివ్వండి, నా బాక్సులు మూతపడినా నాకు బాధ ఉండదు.

రుచి చూడటం చిన్న విషయం అనుకోకండి. 2013 జూలైలో బీహార్‌లోని ఒక పల్లె బడిలో పురుగుమందు డబ్బాలో పోసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వడ్డించే ముందు కనీసం ఒక టీచరు తిని చూడాలని మధ్యాహ్న భోజన పథకం మార్గదర్శకాల్లో రాసి ఉంది. కానీ ఆ పథకం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. ప్రైవేటు స్కూలు కాంట్రాక్టరుతో వండిస్తే ముందు ఎవరు తింటారో మీరే అడగాలి. స్కూలు తనే వండినా, బయటివాళ్లకు ఇచ్చినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి, ఆ నంబరు అడగండి. మొహమాటపడకండి, మీరు నన్నూ అడిగారు కదా, నా సర్టిఫికెట్ గోడ మీదే ఉంది.

చీటీ తెచ్చుకున్న ఆ నలుగురిలో ఒక బాబుకు టైప్ 1 షుగర్. అన్నం ఎన్ని గ్రాములో నేను తూచి మూత మీద రాసి పంపితే, వాళ్లమ్మ దాన్ని బట్టే ఇన్సులిన్ లెక్క చెప్తుంది. ఇంకో పాపకు వేరుశెనగ పడదు. వీళ్లకు అనుమతి ఇచ్చినందుకు ఆ స్కూలుకు కృతజ్ఞతలు, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ డాక్టరు చీటీ దొరకని కారణాలూ ఉంటాయి. గుడ్డు వాసనకే కడుపులో తిప్పే పిల్లలు, కారం అస్సలు తినలేని పిల్లలు, కొత్త ఊరి నుంచి వచ్చి అమ్మ చేతి పెరుగన్నం తప్ప ఏదీ దిగని పిల్లలు. వీళ్లకు చీటీ ఎవరు రాస్తారు? అన్నం పెట్టడం స్కూలుకు తప్పనిసరి చేయండి, అది తిని తీరాలని పిల్లల మీద పెట్టకండి. నేననేది అంతే.

ఇప్పుడు నా తప్పు ఒకటి. ఈ గొడవ మొదలయ్యాక ప్రభుత్వ కొలతలు మా అక్కను అడిగి రాసుకున్నాను. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 6 నుంచి 8వ తరగతి వరకు 150, 30, 75. అంటే చిన్నవాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, పెద్దవాళ్లకు 700, 20. మన వంటను తూచి చూస్తే అన్నం, కూరలు సరిపోయాయి కానీ చిన్న బాక్సులో పప్పు రోజుకు సగటున 14 గ్రాములే పడుతోంది. మీ దగ్గర డబ్బు తీసుకుని ప్రభుత్వ బడి కంటే తక్కువ పప్పు పెట్టాను. చిక్కగా కనిపిస్తోంది కదా అని ఇన్నాళ్లు తూచలేదు, అది నా పొరపాటు, క్షమించండి. ఈ సోమవారం నుంచి చిన్న బాక్సుకు 20, పెద్ద బాక్సుకు 30 తూచి వేస్తున్నాం. ధర పెంచడం లేదు. నెలకు చిన్నది 1,700, పెద్దది 2,000, ఈ విద్యా సంవత్సరం అయ్యేదాకా అంతే.

మిగిలే 91 బాక్సులతో రెండు ఆటోలు గిట్టవు, ఒక ఆటో ఆపేస్తున్నాను. సత్యనారాయణపురం, ముత్యాలంపాడు వైపు బాక్సులు పావుగంట ముందే బయలుదేరతాయి కాబట్టి అన్నం కొంచెం చల్లగా అందొచ్చు, ఫ్లాస్కు బాక్సు కావాలంటే చెప్పండి. వంటింట్లో పనిచేసే నలుగురినీ తీసేయడం లేదు. పొద్దున పని తగ్గింది కాబట్టి సాయంత్రం ఆరు నుంచి కర్రీ పాయింట్ పెడుతున్నాం, రోజుకు రెండు కూరలు, ఒక పప్పు, రసం. దసరా దాకా చూస్తాను, అప్పటికి నిలబడకపోతే దాచకుండా మళ్లీ ఇలాగే రాస్తాను. మీరు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ తీసుకెళ్తే మాకు నిజంగా సాయం చేసినట్టే.

30వ తేదీన ఆ 57 బాక్సుల్లో చింతపండు పులిహోర, బంగాళదుంప వేపుడు, పెరుగన్నం పెడుతున్నాం. నా పుస్తకంలో మిగిలినట్టు ఎప్పుడూ రాయనివి అవే. ఆ రోజు బాక్సులు తేవడానికి ఆటో రాదు, పిల్లలే బ్యాగులో ఇంటికి తెస్తారు. బాక్సు ఉంచుకుంటారో 600 వెనక్కి తీసుకుంటారో తర్వాత నిదానంగా చెప్పండి. సాయంత్రం మూత మాత్రం మీరే తీసి చూసి, ఏమైనా మిగిలిందేమో నాకు ఒక మెసేజ్ పెట్టండి.