ఇకపై మా గౌన్లకు లేబుల్ ఉంటుంది: దాని మీద ఏముంటుంది, ఏముండదు

వచ్చే నెల నుంచి మేము కుట్టే పిల్లల గౌన్లకూ, లాల్చీలకూ, పావడాలకూ (పట్టువి తప్ప) లోపలివైపు ఒక చిన్న నూలు పట్టీ కనిపిస్తుంది. అదే మా లేబుల్. ఇన్నాళ్లూ గుడ్డసంచీలో బట్ట, బట్టతోపాటు చేతిరాత బిల్లు, అంతే ఇచ్చాం. అదే బాగుందని, పేర్లు అంటించుకోని కొట్టు విజయవాడలో ఇదొక్కటేనని మెచ్చుకున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ మార్పు నచ్చకపోవచ్చు. అందుకే కారణాలు, ఖర్చు, ధరలో తేడా అన్నీ ముందే చెబుతున్నాను.

మొదటి కారణం ఉతుకు. కలంకారీ గౌను ఎలా ఉతకాలో కొనేటప్పుడు చెబుతాం, మీరు వింటారు. కాని ఇంట్లో ఉతికేది మరొకరు. రెండో కారణం కాస్త చేదు. మా గౌన్లు కొని, వాటికి తమ పేరు కుట్టి, రెట్టింపు ధరకు అమ్మే కొట్లు ఉన్నాయని మీలోనే కొందరు ఫొటోలు పంపారు. కొన్న బట్టను తిరిగి అమ్ముకుంటే నాకు అభ్యంతరం లేదు. అయితే అక్కడ కొన్న గౌను కుట్టు విడిపోతే, కాజాలు చూసి మా పనేనని గుర్తుపట్టి నాకే ఫోను చేస్తున్నారు. లాభం ఒకరిది, మరమ్మతు నాది. ఇకపై పేరు తీసేసి అమ్మాలంటే పక్క కుట్టు మొత్తం విప్పుకోవాలి. విప్పుకుంటే విప్పుకోనివ్వండి.

లేబుల్ దేనితో చేయించాలన్నదే ఎక్కువ తల తిన్నది. బజారులో మూడు రకాలు దొరుకుతాయి: నేసినవి, శాటిన్ మీద అచ్చు వేసినవి, నూలు టేపు మీద అచ్చు వేసినవి. చూడటానికి దర్జాగా ఉండేవి నేసినవే. తిరుప్పూరు వైపు ఈ పనికే ప్రత్యేకంగా జకార్డ్ మగ్గాలు, అంటే అక్షరాలూ బొమ్మలూ నేతలోనే తేల్చే మగ్గాలు, పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. సన్నని పాలిస్టర్ దారంతో వెడల్పాటి గుడ్డగా నేస్తారు, వేడి కత్తులు దాన్ని సన్నని పట్టీలుగా కోస్తాయి. దారం కరిగి అతుక్కుంటుంది కాబట్టి అంచు పోగులు ఊడవు. ఆ కరిగిన అంచే చల్లారాక గరుకుదేరుతుంది. పెద్దవాళ్ల చొక్కా కాలరు వెనక అది తెలియదు, చొక్కాకూ మెడకూ మధ్య కాలరు గుడ్డ ఉంటుంది. రెండేళ్ల పిల్ల గౌనుకు కాలరు ఉండదు. పిల్ల రోజంతా మెడ గోక్కుంటూ ఉంటుంది. అంచులతో సహా నేసే సన్న మగ్గాలు కూడా ఉన్నాయి, వాటి లేబుళ్లు మెత్తగా ఉంటాయి, ధర ఎక్కువ.

గరుకుదనం ఒక్కటే అయితే ఆ ధర పెట్టేదాన్ని. నమూనా వచ్చాక బయటపడిన ఇబ్బంది వేరు. మా పేరు తెలుగులోనే ఉండాలని నా పట్టుదల. ఇంగ్లీషు పెద్దక్షరాలు చిన్న సైజులో నేసినా చదవడానికి వస్తాయి, వాటికి కిందా పైనా ఏమీ వేలాడవు. తెలుగు అలా కాదు. పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. పట్టీ ఎత్తును ఈ మూడూ పంచుకుంటే ఒక్కోదానికి మిగిలేవి రెండు మూడు మిల్లీమీటర్లు. నేతలో గీత అంటే దారం మందం, అంతకంటే సన్నగా రాదు. సున్నా లోపలి ఖాళీ పూడిపోతుంది. థ పొట్టలో చుక్క మాయమై ధ అవుతుంది. మా పేరులో రెండు ఒత్తులు, ఒక వట్రుసుడి ఉన్నాయి, అవి కలిసి ఒక ముద్దగా వచ్చాయి. ఇంగ్లీషులో వేయించుకోండి మేడమ్, అందరూ అదే చేస్తారు అని లేబుళ్లు నేసేవాళ్లు సలహా ఇచ్చారు. అందరూ చేస్తారన్నది నిజమే. అయినా మనసొప్పలేదు.

శాటిన్ మీద అచ్చు స్పష్టంగా పడుతుంది, మెత్తగానూ ఉంటుంది. కాని చేనేత నూలు గౌను లోపల మెరిసే పాలిస్టర్ రిబ్బను చూస్తే నాకు నప్పలేదు. పైగా నూలు బట్ట ఉతికితే కుదించుకుంటుంది, పాలిస్టర్ కుదించుకోదు. గుడ్డను ముందే తడిపి ఆరబెట్టకుండా కుట్టేచోట లేబుల్ చుట్టూ బట్ట ముడతలు పడటం మీరు చూసే ఉంటారు.

చివరికి సాదా నేత నూలు టేపు, దాని మీద స్క్రీన్ ప్రింటింగ్ తీసుకున్నాం. చేపముల్లులా గట్లు తేలే నేత టేపు అందంగా ఉంటుంది కాని ఆ గట్ల మీద అక్షరాలు విరిగిపోతాయి. టేపును కూడా గుడ్డలాగే ముందు తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే అచ్చుకు పంపుతాం. అచ్చు వేశాక రంగుకు సరిపడా వేడి తగలాలి, లేకపోతే నాలుగు ఉతుకుల్లో పోతుంది. ఎంత బాగా చేసినా రెండు మూడేళ్లలో అక్షరాలు వెలిసిపోతాయి, నేసిన లేబుల్‌లా గౌను ఉన్నంతకాలం ఉండవు. ఇది తెలిసే ఎంచుకున్నాం.

లేబుల్ మెడ దగ్గర ఉండదు. ఎడమ పక్క కుట్టులో, నడుము కింద ఉంటుంది. పసిపిల్లల జుబ్బాలకైతే లోపల ఏదీ ఉండదు, కింది అంచుకు బయటివైపు కుడతాం. వేరేచోట కొన్న గౌన్ల లేబుళ్లు కత్తెరతో కోయబోయి బట్టకు చిల్లు పెట్టి, దాన్ని పూడ్చి కుట్టించుకోవడానికి నా దగ్గరికి తెచ్చిన తల్లులను చూశాను కాబట్టి ఇది చెబుతున్నాను. మాది వద్దనుకుంటే కుట్టు ఊడదీసే పనిముట్టుతో విప్పండి, లేదా ఆర్డరులోనే లేబుల్ వద్దని రాయండి, కుట్టం. ధర మాత్రం తగ్గదు.

లేబుల్ వెనకవైపు రెండు ఖాళీ గీతలు కనిపిస్తాయి. అవి పిల్లల పేర్లకు. మన ఇళ్లలో గౌను ఒకరితో ఆగదు, అక్క కూతురి నుంచి చెల్లెలి కూతురికి, అక్కడినుంచి ఆడపడుచు పిల్లకు వెళుతుంది. బట్టకు యజమాని గుర్తు వేయడం మనకు కొత్తేమీ కాదు. రజకులు నల్లజీడి గింజ రసంతో మూలన చిన్న గుర్తు పెట్టేవారు, ఎన్ని ఉతుకులైనా అది పోయేది కాదు. ఆ రసం ఒంటికి తగిలితే పుండ్లు పడతాయి కాబట్టి దాన్ని తిరిగి తెచ్చే ఉద్దేశం నాకు లేదు. బట్టలపై రాసే పెన్నులు స్టేషనరీ కొట్లలో దొరుకుతాయి.

ఇక సైజు. 3-4 ఏళ్లు అని రాస్తే ఏ పిల్లకు? గుంటూరులో బొద్దుగా ఉన్న మూడేళ్ల పిల్లకా, అమెరికాలో పొడుగ్గా పెరిగిన మూడేళ్ల పిల్లకా? మాకు వచ్చే మార్పిడుల్లో ఎక్కువ భాగం ఈ వయసు లెక్క వల్లే. ఇకపై లేబుల్ మీద ఛాతీ, పొడవు సెంటీమీటర్లలో ఉంటాయి, వయసు ఉండదు. మీ పిల్లకు సరిపోయే పాత గౌను ఒకటి మంచం మీద పరిచి కొలిచి చెప్పండి. ఏ వయసు అని అడిగితే మాత్రం మా దగ్గర పనిచేసే అమ్మాయిలు ఇకపై జవాబు చెప్పరు, కోప్పడవద్దు.

ఉతుకు గుర్తులు కూడా వేయించాం. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకాలని, త్రిభుజం మీద ఇంటూ గుర్తుంటే బ్లీచింగ్ వద్దని. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క తక్కువ వేడికి, రెండు మధ్యరకం వేడికి, మూడు ఎక్కువ వేడికి. నూలు మూడు చుక్కల వేడిని తట్టుకుంటుంది, కాని కలంకారీ రంగుల కోసం, మా టేపు మీది అచ్చు కోసం రెండే వేశాం. ఈ గుర్తులు దేశదేశాల్లో ఒకటే కాబట్టి విదేశాల్లో ఉన్న మీ పిల్లల ఇళ్లకు పనికొస్తాయి. మన వీధి చివర ఇస్త్రీ బండి మీది బొగ్గుల పెట్టెకు చుక్కలు తెలియవు. అందుకే పక్కనే తెలుగులోనూ రాశాం: విడిగా ఉతకండి, నీడన ఆరవేయండి, తిరగేసి ఇస్త్రీ చేయండి. ఉప్పు నీళ్లలో నానబెట్టమని రాయలేదేమని అడగబోతున్నారని తెలుసు. అద్దకం తొట్టిలో రంగు నూలుకు పట్టడానికి ఉప్పు పనికొస్తుంది. అద్దకం పూర్తయ్యాక వదులుగా మిగిలిన రంగును అది నిలబెట్టదు. మొదటి రెండు సార్లు చల్లని నీళ్లలో విడిగా జాడిస్తే చాలు.

ఇప్పుడు లేబుల్ మీద ఉండని మాటలు. నాకు ఎక్కువ సలహాలు వచ్చింది వీటి గురించే.

'చేతి తయారీ' అని ఉండదు. మంగళగిరి బట్ట గౌను మీద ఇలా ఉంటుంది: బట్ట చేనేత, కుట్టు మిషను, కాజాలూ అంచులూ చేత్తో. పెడన కలంకారీ గౌను మీద: బట్ట మిల్లుది, అచ్చు చేతిది, కుట్టు మిషను. మేము తెచ్చే కలంకారీ దిమ్మ అచ్చుతో వేసినదే, కాని కింది గుడ్డ మిల్లులో నేసినది. అంతా చేతిపనే అని ఒక్క మాట రాస్తే ఇంకో వంద రూపాయలు ఎక్కువ పలుకుతుందని మా చుట్టాలే చెప్పారు. పలుకుతుంది. మా మోటారు మిషన్ల చప్పుడు పక్కింటివాళ్లకు కూడా తెలుసు.

'సహజ రంగులు' అని కూడా ఉండదు. కరక్కాయ నీళ్లలో ముంచడం, బెల్లం, ఇనుము ఊరబెట్టిన కసిమితో నలుపు, పటిక పెట్టి ఎరుపు, ఈ పద్ధతి పాతదే. కాని ఆ ఎరుపుకు వాడే అలిజరిన్ ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. ఒకే గౌనులో నలుపు ఒకలా, ఎరుపు ఇంకోలా వచ్చినప్పుడు మొత్తానికి సహజం అని ముద్ర వేయలేను. అడిగినవాళ్లకు ఏ రంగు ఏదో చెబుతాను.

మంగళగిరి పేరు గురించి కూడా ఒక మాట. మంగళగిరి చీరలకూ వస్త్రాలకూ భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుంది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపును వాడుకునేందుకు నమోదు చేసుకున్నవాళ్లకే దాని మీద హక్కు. నేను నేసేదాన్ని కాను, కొని కుట్టేదాన్ని. కాబట్టి ఆ పేరును కుట్టిన లేబుల్ మీద వేయను. ఎక్కడ కొన్నామో బిల్లులో రాస్తాను. 2006 నుంచి ఉన్న చేనేత గుర్తు, అంటే హ్యాండ్లూమ్ మార్క్, విషయంలోనూ అంతే.

మా పేరు పక్కన వలయంలో R అని ఉండే రిజిస్టర్డ్ గుర్తు కూడా కనిపించదు. దుస్తుల తరగతి 25లో ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టాను, వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు. నమోదు పూర్తయ్యేదాకా ఆ వలయం వేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు పెట్టిన మర్నాటి నుంచే వేసుకునేవాళ్లు బజారులో చాలామంది ఉన్నారు, అది వాళ్ల ధైర్యం.

కుట్టిన లేబుల్‌తోపాటు దారంతో కట్టిన చిన్న అట్టముక్క ఒకటి ఉంటుంది. తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం గరిష్ఠ చిల్లర ధర, సైజు, తయారీదారు పేరు, ఫిర్యాదుల ఫోను నంబరు దాని మీద ఉండాలి. చిరునామా కూడా వేస్తున్నాం, అది మా ఇల్లే, వేరే కొట్టు లేదు. ఇది నాకు అంత ఇష్టమైన సంగతి కాదు. దయచేసి ఫోను చేసి రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మా అత్తయ్యగారు పడుకుంటారు, ఆ వేళలో గంట కొట్టవద్దు.

ధర విషయం. గౌనుకు పది రూపాయలు పెరుగుతుంది. లేబుల్ ముక్క ఖరీదు మూడు రూపాయల లోపే, కాని వెయ్యికి తక్కువైతే అచ్చువాళ్లు ఒప్పుకోరు, సైజుకో వెయ్యి తీసుకుంటే నేను టేపుల మీద పడుకోవాలి. అందుకే పేరు, ఉతుకు సూచనలు ఒక పట్టీ మీద, కొలతలు వేరే పట్టీ మీద వేయించాం. రెండు పట్టీలు, అట్ట, వాటిని పెట్టి కుట్టినందుకు మా అమ్మాయిలకు ముక్క కూలి, అన్నీ కలిపితే పది. ఇందులో నాకు మిగిలేది లేదు, పోయేదీ లేదు.

లేబుల్ లేకుండా ఇప్పటికే కుట్టి ఉన్న గౌన్లు పాత ధరకే ఇస్తాం, అయిపోయేదాకా. వాటికి తర్వాత లేబుల్ కుట్టివ్వమని తీసుకురావద్దు, పక్క కుట్టు విప్పి మళ్లీ కుట్టడం కొత్త గౌను కుట్టినంత పని. పట్టు పావడాలకు నూలు టేపు నప్పదు కాబట్టి ప్రస్తుతానికి అట్టముక్క ఒక్కటే. సంక్రాంతి ఆర్డర్లు డిసెంబరు 20 వరకు తీసుకుంటాం. పిల్ల పేరు మమ్మల్నే రాసివ్వమనేవాళ్లు తెలుగులో టైపు చేసి పంపండి, ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే అది హాసినో హసినో మాకు తెలియడం లేదు.