మనాలీలో చిక్కుకున్న మా పిల్లల విషయంలో సాయం చేసిన సైనిక్‌పురి సర్‌కి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు, వాడి ఫ్రెండు ఇద్దరూ క్షేమం. మంచులో చిక్కుకున్న పిల్లలకి సాయం కావాలని ఆ రాత్రి నేను పెట్టిన మెసేజ్ చూసి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ముఖ్యంగా ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్న పెద్దాయనకు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు. ఆయన నంబరిచ్చిన మల్కాజిగిరి మెడికల్ షాపు అన్నకు కూడా.

పిల్లలు మంచు చూడ్డానికి అటల్ టన్నెల్ అవతల సిస్సుకి వెళ్లారు. తిరుగు ప్రయాణంలో మంచు ముంచెత్తి బండ్లు ఆగిపోయాయి. తడిసిన బట్టలు, బూట్లతోనే చాలా దూరం నడిచి హోటల్‌కి చేరారు. మావాడి కాలివేళ్లు మైనంలా తెల్లగా, గట్టిగా అయిపోయాయి. గిల్లినా తెలియడం లేదట. వీడియో కాల్‌లో అవి చూసి ఇక్కడ అక్క ఒకటే ఏడుపు.

కాల్‌లో ఉన్న సర్ మాత్రం మావాణ్ణి "పక్కనున్న అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగారు.

"బానే ఉన్నాడు సర్. ఇందాకటిదాకా తెగ వణికాడు, ఇప్పుడు తగ్గింది. పడుకున్నాడు."

ఆయన గొంతు మారిపోయింది. "లేపి పేరు అడుగు. చొక్కా లోపల చెయ్యి పెట్టి పొట్ట చూడు." పొట్ట చల్లగా తగిలింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

మావాడిది ఫ్రాస్ట్‌బైట్, అంటే వేళ్లు, ముక్కు, చెవుల్లాంటి చోట్ల చర్మం, దాని కింది కండ గడ్డకట్టడం. ఆ అబ్బాయిది హైపోథర్మియా. 37 డిగ్రీలు ఉండాల్సిన ఒంటి లోపలి వేడి 35 కన్నా దిగిపోవడం. దానికి బయట సున్నా డిగ్రీలే ఉండక్కర్లేదట, తడికి గాలి తోడైతే చాలు. 32 కన్నా దిగాక వణుకు ఆగిపోవచ్చు, మనిషి మగతలోకి జారిపోతాడు. గుండెను, మెదడును కాపాడుకోడానికి ఒళ్లే కాళ్లూ చేతులకు రక్తం తగ్గించేస్తుంది కాబట్టి రెండూ కలిసి రావడం మామూలే. అప్పుడు ముందు ఒళ్లు, తర్వాతే వేళ్లు.

108కి ఫోన్ చేయించి, ఆయన లైన్‌లోనే ఉన్నారు. తడి బట్టలు తీయించారు. నడిపించొద్దు, అటూఇటూ కుదపొద్దు, అలాంటప్పుడు గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందన్నారు. పొడి దుప్పట్లు చుట్టి, వేడినీళ్ల సీసాలను తువ్వాళ్లలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టించారు. హోటల్ కుర్రాడు పాపం ప్రేమగా బ్రాందీ తెచ్చాడు. సర్ ఒక్క అరుపు అరిచారు! మందుతో రక్తనాళాలు వెడల్పయి ఉన్న వేడి కూడా పోతుందట. మగతగా ఉన్నవాడి నోట్లో టీ కూడా పోయొద్దన్నారు.

ఆ తర్వాత మావాడి కాళ్లు. రుద్దొద్దు, హీటర్ దగ్గర పెట్టొద్దు, స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలీదు. మళ్లీ చలిలోకి వెళ్లే పని లేదని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాకే గోరువెచ్చటి నీళ్లలో పెట్టించారు, 37 నుంచి 39 డిగ్రీలు. కరిగిన వేళ్లు మళ్లీ గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువట. స్పర్శ తిరిగొచ్చేటప్పుడు వాడు పెట్టిన కేకలు మల్కాజిగిరి దాకా వినిపించాయి. "నొప్పి వస్తోందా? మంచిదే" అన్నారాయన.

ఆసుపత్రిలో ఇద్దరినీ బాగా చూసుకున్నారు. ఫ్రెండు డిశ్చార్జి అయ్యాడు. మావాడి వేళ్ల మీద బొబ్బలున్నాయి, చిదపొద్దన్నారు, డ్రెస్సింగ్ నడుస్తోంది.

సర్, థ్యాంక్స్ చెప్పబోతే ఫోన్ పెట్టేస్తున్నారు. అందుకే ఆదివారం అక్కా నేనూ మీ ఇంటికే వస్తున్నాం.