బస్తీ వైద్య శిబిరానికి చెయ్యి వేసినవారికి

ఉచిత వైద్య శిబిరానికి సాయపడిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు. డాక్టర్లకు అక్కడే దండం పెట్టి చెప్పుకున్నాం. ఎవరి కంటా పెద్దగా పడని పనులు చేసినవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ముందుగా బీపీ బల్ల దగ్గరి నర్సింగ్ విద్యార్థులకు. క్యూ ఎంత పెరిగినా ప్రతి ఒక్కరినీ ఐదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టారు. ఆదరాబాదరాగా నడిచొచ్చిన మనిషికి వెంటనే కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) చుడితే అంకె ఎక్కువే వస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడనివ్వకుండా చూశారు. నిమిషం ఆగి మళ్లీ చూశారు. పెద్ద కఫ్ అడిగి మరీ తెప్పించింది కూడా వాళ్లే. లావుపాటి చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. దాన్ని నమ్మి మాత్ర మొదలుపెడితే ఆ మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

షుగర్ బల్ల పక్కన బకెట్ నీళ్లు, సబ్బు, పొడిగుడ్డ పెట్టినవారికి ప్రత్యేకంగా. పండు ఒలిచిన వేలితో చూస్తే 120 ఉండాల్సింది 200 దాటినా ఆశ్చర్యం లేదు. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చారు, గట్టిగా పిండలేదు. రక్తపు చుక్క వేసే స్ట్రిప్పు తీసిన ప్రతిసారీ డబ్బా మూత బిగించారు, చెమ్మ తగిలితే స్ట్రిప్పులు తప్పు చెబుతాయి. వాడిన సూదుల డబ్బా ముప్పావు నిండగానే మూసేశారు. నిండా కుక్కబోతేనే చేతులకు గుచ్చుకునేది.

మందుల బల్ల దగ్గరి ఫార్మసిస్టుల ఓపికకు ఏం చెప్పినా తక్కువే. ఇళ్లలో మిగిలిన మందులు తెచ్చినవాళ్లను నొప్పించకుండా వెనక్కి పంపారు. దానంగా వచ్చే మందుకు కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వాళ్లు ఆ లెక్క వదల్లేదు. మాత్రల షీటు కత్తిరించినప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కనే రోగికిచ్చారు. చదవలేనివాళ్ల కవరు మీద పొద్దున మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు గీశారు. రోజూ వాడాల్సిన బీపీ మందు ఐదు రోజులకిచ్చి పంపే శిబిరాలున్నాయి. మా దృష్టిలో అది ఇవ్వకపోవడమే. ఇక్కడ నెలకిచ్చి, అయిపోయాక ఎక్కడ దొరుకుతుందో కూడా రాసిచ్చారు.

విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ ఎలా కలపాలో చూపించిన అక్కయ్యలకు కూడా. ప్యాకెట్లు పంచేసి ఊరుకోలేదు. లీటరు సీసా తెచ్చి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి చూపించారు. ప్యాకెట్ గ్లాసులో కలిపేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడే. విరేచనాలు తగ్గినా జింకు మాత్ర 10 నుంచి 14 రోజులు వెయ్యాలని, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములని తల్లుల చేత తిరిగి చెప్పించారు కూడా.

పొద్దున పెడితే కూలికి వెళ్లేవాళ్లెవరూ రారని, సాయంత్రానికి మార్పించింది బస్తీ ఆడవాళ్లే. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లను గుంపులో కలపకుండా ఆరుబయట గాలి ఆడేచోట కూర్చోబెట్టి, టీబీ ఉందేమో చూసే కఫం పరీక్షకు చీటీ ఇప్పించిన కుర్రాళ్లకూ రుణపడి ఉన్నాం.

అసలు పని ఇంకా నడుస్తోంది. ఒక్కరోజు 140/90 దాటినంత మాత్రాన బీపీ జబ్బని తేల్చకూడదు, మరో రోజు చూడాలి. అందుకే వచ్చినవారి ఫోను నంబరుతో పాటు ఆ ఫోను ఎవరిదో, ఎప్పుడు దొరుకుతారో రాసుకున్నారు. పెద్ద పరీక్షలకు పంపే చీటీలో ఆసుపత్రి పేరొక్కటే కాదు, ఓపీ గది, వారం, వేళ ఉన్నాయి. మళ్లీ చూపించుకోవడానికి రాకుండా ఉండిపోయినవాళ్లకు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నవారికి మా కృతజ్ఞతలు. టెంటు, కుర్చీలు, పరీక్ష మంచానికి అడ్డంగా కట్టిన దుప్పట్లు ఇచ్చినవారికీ.