ఎనిమిది ఫ్లాట్ల మిద్దెలకు రెరా ఎందుకు లేదు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ రియల్ ఎస్టేట్ పేజీలో, తిరుపతిలో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు కొని పెట్టుకుంటే నెలనెలా బాడుగ వస్తుంది, రేటు కూడా పెరుగుతుంది అని రాశారు. నేను సరిగ్గా ఆ పనే చేశాను. చిత్తూరు దగ్గర హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పి 2019లో రిటైరయ్యాను, చేతికొచ్చిన డబ్బుకు ఇంకొంత కలిపి 41 లక్షలు పెట్టి ఎం.ఆర్.పల్లి వైపు ఒక ఫ్లాటు కొన్నాను. బిల్డర్ల మీద అదుపు కోసం, కొనేవాళ్ల రక్షణ కోసం వచ్చిన రెరా చట్టం మాలాంటి చిన్న బిల్డింగులకు వర్తించదు. నా సంగతి చదివితే ఇప్పుడు అడ్వాన్సు ఇవ్వబోతున్న వాళ్లు కొందరైనా ఆగి కాగితాలు చూసుకుంటారనే ఆశతో రాస్తున్నా.

మా బిల్డింగు కట్టింది 60 అంకణాల జాగాలో. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు కాబట్టి 240 గజాలు. కింద పార్కింగు, పైన నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు. లెక్కన ఒక్కో ఫ్లాటుకు 30 గజాల వాటా రావాలి కదా, నా రిజిస్ట్రేషన్ పత్రంలో 24 గజాలే ఉంది. అందరివీ కలిపితే 192, మిగతా 48 గజాలు ఇప్పటికీ జాగా యజమాని పేరు మీదే ఉన్నాయి. లెక్కల టీచర్‌ని, సంతకం పెట్టే రోజు ఈ చిన్న కూడిక వేసుకోలేదే అని ఇప్పటికీ బాధ. మిద్దె ఏటేటా పాతబడుతుంది, ముప్పై ఏళ్లకు పడగొట్టి మళ్లీ కట్టాలంటే అప్పుడు విలువ ఉండేది ఆ గజాలకే, గోడలకు కాదు. అందుకే ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులు అని అడిగే ముందు భూమిలో నా వాటా ఎంత అని అడగండి.

రెండోది ప్లాను. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లానులో పై అంతస్తు లేనే లేదు. నాది రెండో అంతస్తు, నా ఫ్లాటులో తప్పేమీ లేదు, అయినా పైన ఉన్న ఆ రెండు ఫ్లాట్ల వల్ల మొత్తం బిల్డింగుకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాను ప్రకారమే కట్టారు, ఇందులో ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం, రాలేదు. "టీచరమ్మా, వచ్చే నెలలో వచ్చేస్తుంది" అని బిల్డర్ ఐదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. మొన్న మా ఎదురు ఫ్లాటు అమ్మాయి తన ఫ్లాటు అమ్ముదామని చూస్తే, ఆ సర్టిఫికెట్ లేదని కొనే వాళ్లకు బ్యాంకు లోను ఇవ్వనంది. ఆ రోజు నుంచి నాకూ టెన్షనే.

ఇవన్నీ ముందే ఎందుకు తెలియలేదు అంటే, 2016 నాటి రెరా చట్టంలో జాగా 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా బిల్డర్ ఆ ప్రాజెక్టును రెరా దగ్గర నమోదు చేయించనక్కర్లేదు. మా 240 గజాలు సుమారు 200 చదరపు మీటర్లే కాబట్టి మాది రెండు రకాలుగానూ బయటే. పెద్ద ప్రాజెక్టు అయితే మంజూరైన ప్లాను, జాగా పత్రాలు, ఎన్ని ఫ్లాట్లు అమ్ముడుపోయాయి అన్నీ రెరా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి నిర్మాణానికి, భూమి ఖర్చుకే వాడాలి. హైదరాబాద్‌లో కోటిన్నర పెట్టే వాళ్లకు ఆ రక్షణ ఉంది, మన ఊళ్లలో రిటైర్మెంట్ డబ్బు పెట్టే వాళ్లకు లేదు. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి ఏ ఊరికి పోయినా ఎక్కువగా కడుతున్నవి ఇలాంటి చిన్న బిల్డింగులే.

ఇక బాడుగ. అమ్మేటప్పుడు ఏర్పేడులో ఐఐటీ ఉంది, సైన్సు చదువుల సంస్థ ఐసర్ ఉంది, రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది అన్నారు. ఐఐటీ పిల్లలు క్యాంపస్ హాస్టల్లో ఉంటారు కదా, ఏర్పేడు నుంచి ఇంత దూరం వచ్చి నా ఫ్లాటులో ఎందుకుంటారు? నాకు దొరికింది ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మలు, మంచి పిల్లలు, నెలకు 10,500 ఇచ్చేవాళ్లు. వాళ్లు వెళ్లాక రెండు నెలలు ఖాళీ. పోయిన ఏడాది చేతికొచ్చింది 1,05,000, అందులో లిఫ్ట్ రిపేరు వాటా 14,000, రంగులకు 12,000, ఇంటి పన్ను 4,500 పోతే మిగిలింది 74,500. పెట్టిన డబ్బు మీద రెండు శాతం కూడా లేదు. 2023 ఏప్రిల్‌లో పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షలు వేసుంటే 8.2 శాతం చొప్పున ఏడాదికి 2,46,000 వచ్చేది.

పెద్ద అపార్ట్‌మెంట్‌లో అయితే లిఫ్ట్ పాడైతే ఖర్చు వందమంది మీద పడుతుంది, మా దగ్గర ఎనిమిది మంది మీదే. అందులో ఇద్దరు ఓనర్లు బెంగళూరులో ఉండి మెయింటెనెన్స్ పంపరు, ఇంకో ఇద్దరు కొండకు వచ్చే భక్తులకు రోజు బాడుగకు ఇస్తారు. బ్రహ్మోత్సవాలప్పుడు ఒక్కో ఫ్లాటులో పదిహేను మంది దిగితే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, సంసారాలున్న ఇళ్లకు నీళ్లుండవు. అడిగేందుకు సంఘం లేదు. ఇప్పుడు నేను, కింద ఫ్లాటులో ఉండే రిటైర్డ్ కండక్టర్ అన్న కలిసి సంఘం రిజిస్టర్ చేయించే పనిలో ఉన్నాం.

నేను అడిగేది ఇది. ఆ 500 చదరపు మీటర్ల, ఎనిమిది ఫ్లాట్ల పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే తగ్గించుకోవచ్చని రెరా మూడో సెక్షన్‌లోనే ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నాలుగు ఫ్లాట్లకు దించండి. అంతవరకు మున్సిపాలిటీ, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మంజూరు చేసిన ప్రతి ప్లానునూ ఎన్ని అంతస్తులో తెలిసేలా పెద్ద అక్షరాలతో సైటు గేటు దగ్గర బోర్డు పెట్టించాలి, బోర్డులో మూడు ఉండి పైకి నాలుగోది లేస్తుంటే దారిన పోయేవాళ్లకు కూడా తెలుస్తుంది.

మీరు కూడా ఫ్లాట్ల గురించి మళ్లీ రాసేటప్పుడు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భూమి వాటా గురించి రెండు ముక్కలు రాయండి. మా బిల్డింగు ప్లాను కాపీ, నా రిజిస్ట్రేషన్ పత్రం నా దగ్గరున్నాయి, మీ విలేకరి ఎప్పుడొచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, తిరుపతి