ఇంటికి పంపేస్తే కొరకడం ఆగదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచిన తొలి వారాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే, మేం పనిచేసే భవిత కేంద్రాలకు తల్లిదండ్రులు చేసే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "మావాడు పక్కపిల్లాణ్ణి కొరికాడంట సార్, వచ్చి తీసుకుపొమ్మంటున్నారు." తల్లి ఆ పూట కూలి మానుకుని వస్తుంది, పిల్లాణ్ణి తీసుకెళ్తుంది, తరగతి సద్దుమణుగుతుంది. కానీ రాతపని తప్పితే చాలని చూస్తున్న పిల్లాడికి, కొరికితే ఇంటికి పంపుతారన్న సంగతి ఆ రోజే తెలిసిపోయింది. ఈ వారం పన్నెండింటికి కొరికినవాడు వచ్చే వారం పదింటికే కొరుకుతాడు. బడి దృష్టిలో అది శిక్ష, వాడికి మాత్రం బహుమానం.

ఆటిజం, మేధో వైకల్యం, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేకపోవడం) ఉన్న పిల్లలతో ఏం చేయాలో తేల్చుకునే ముందు, ఎందుకు చేస్తున్నారో రాసి చూడమని టీచర్లను కోరుతున్నాం. మామూలు నోటుబుక్కు చాలు. పేజీని నాలుగు గడులు చేసి టైము, దానికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం అన్నవి రాయాలి. "అల్లరి చేశాడు" అంటే ఏమీ తెలియదు. "ఎడమ మణికట్టు కొరుక్కున్నాడు, రెండు నిమిషాలు" అని ఉండాలి. ఐదారు బడి రోజులు రాస్తే చాలామంది విషయంలో తీరు బయటపడుతుంది: పని తప్పించుకోవడానికా, ఎవరైనా తనవైపు చూడాలనా, కావలసిన వస్తువు కోసమా, చప్పుడు భరించలేకా, ఊరికే ఆ కదలిక హాయిగా ఉండా. నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అసలు సంగతి తరచు అక్కడే ఉంటుంది.

మూడో తరగతి పిల్లాడొకడు రాత పీరియడ్‌లోనే చెయ్యి కొరుక్కుంటున్నాడనుకుందాం. బోర్డు మీది పది వాక్యాలు ఎక్కించుకోమంటే నాలుగో వాక్యం దగ్గర పెన్సిలు గట్టిగా నొక్కుతాడు, కాలు ఊపడం ఎక్కువవుతుంది, ఆ తర్వాతే చెయ్యి నోటికి పోతుంది. పెన్సిలు నొక్కినప్పుడే మనం అందుకోవాలి. చాప బొమ్మ గీసిన చిన్న అట్టముక్క ఒకటి వాడి బల్ల మీద ఉంచండి. పక్కన ఉన్న ఆయా మాటలేమీ లేకుండా వాడి చెయ్యి పట్టి ఆ కార్డును టీచరుకు ఇప్పించాలి. ఇచ్చిన మరుక్షణం మూలనున్న చాప మీద రెండు నిమిషాలు. ఫోనులో టైమరు మోగగానే తిరిగి రాతకు. మొదటి రెండు వారాలు రోజుకు ఇరవైసార్లు ఇచ్చినా కాదనకూడదు. వాక్యాలు పది నుంచి మూడుకు తగ్గించండి. కార్డు అలవాటయ్యాక "ఇంకొక్క వాక్యం, తర్వాత చాప" అంటూ మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు.

ఇది చెడిపోయేది రెండుచోట్ల. కొరుక్కున్నాక కార్డు ఇప్పిస్తే, ముందు కొరకాలి, తర్వాత కార్డు ఇవ్వాలి అనే వరస నేర్చుకుంటాడు. కార్డు బీరువాలో దాచినా అంతే, చేతికి అందనిది వాడలేడు. రెండోది, ఇదివరకు కొరికితే దొరికింది ఇప్పుడు దొరక్కపోతే కొన్నాళ్లు గోల పెరుగుతుంది. పద్ధతి పనిచేయలేదని నాలుగో రోజు వదిలేసేది సరిగ్గా అప్పుడే. అంత గోలకు లొంగితే, వచ్చేసారి అక్కడి నుంచే మొదలుపెడతాడు. ఇల్లూ బడీ ఒకే మాట మీద ఉండకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. తల గోడకు కొట్టుకునే పిల్లల విషయంలో మాత్రం "పట్టించుకోకండి" అనే సలహా ఎవరిచ్చినా వినవద్దు. తలకు, గోడకు మధ్య దిండో మన అరచెయ్యో ఉండాలి.

పూర్తిగా అదుపు తప్పినప్పుడు పాఠం చెప్పే పని పెట్టుకోకండి. కాంపాస్ బాక్సు, స్టీలు సీసా పక్కకు తీసి మిగతా పిల్లల్ని వరండాలోకి పంపండి. గొంతు తగ్గించి రెండు మూడు మాటల్లో చెప్పండి. బోర్లా పడుకోబెట్టి మీద కూర్చుని పట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. నెమ్మదించాక కూడా అరగంట వదిలేయాలి. "ఎందుకు చేశావ్?" అని నిలదీస్తే మళ్లీ మొదలవుతుంది.

ఉన్నట్టుండి మారిన పిల్లాణ్ణి ముందు డాక్టరుకు చూపించాలి. చెవిపోటు, పుచ్చుపన్ను, మలబద్ధకం, నిద్రలేమి మాటలు రాని పిల్లల్లో ఇలాగే బయటపడతాయి. కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిస్తే పలక్కపోతే అది పరధ్యానం కాక ఫిట్స్ కావచ్చు. కొన్ని ఫిట్స్ మందుల వల్లా చిరాకు పెరుగుతుంది. అయినా సొంతంగా ఆపకూడదు.

ఎవరినీ కొట్టకుండా బల్ల కింద ముడుచుకుని కూర్చునే ఆడపిల్ల గురించి మాకు ఫోన్లు రావు. ప్రార్థనలో డ్రమ్ము మోగగానే చెవులు మూసుకుంటుందని నోటుబుక్కులో కనిపిస్తే ఆమెను వరస చివర నిలబెట్టండి, మధ్యాహ్న భోజనానికి ఐదు నిమిషాలు ముందే కూర్చోబెట్టండి. పైసా ఖర్చు లేని పనులివి.

విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వారిని వివక్ష లేకుండా చేర్చుకుని చదివించమంది. సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, ఇలాంటి పిల్లలు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్ర విద్యాశాఖ 2022లో నిర్దేశించింది. మాలాంటివాళ్లం మండలానికి ఒకరిద్దరమే ఉన్నచోట ఆ లెక్క కుదిరేదాకా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖలను మేం అడిగేవి రెండే. పిల్లాణ్ణి మధ్యలో ఇంటికి పంపిన ప్రతిసారీ టైము, కారణం రిజిస్టరులో రాయించండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక గంట దీనికి కేటాయించి, టీచర్లతో పాటు ఆయాలను, వంట చేసే మహిళలను కూడా పిలవండి. నింపిన నోటుబుక్కు ఒకటి తెస్తే కార్డు ఎలా తయారుచేయాలో అక్కడే చూపిస్తాం.

— కొందరు సహిత విద్య రిసోర్స్ పర్సన్లు