మహిమకూ తూము లెక్క ఉండాలి

సంపాదకులకు,

మీ ఆదివారం పిల్లల పేజీలో వస్తున్న మాయాజాతుల కథల్లో ఒక లోపం వారం వారం కనిపిస్తోంది. మహిమ తాగి బతికే జాతి అంటారు. ఆ మహిమ ఎక్కడ ఊరుతుంది, రోజుకెంత కావాలి, దారిలో ఎంత ఇంకిపోతుంది అన్నది మాత్రం ఎవరూ రాయరు. మా జిల్లాలోని సోమశిల 78 టీఎంసీల జలాశయం. అయినా నీళ్లు తగ్గిన ఏడాది ఎడగారుకు (రెండో పంటకు) ఎన్ని ఎకరాలకివ్వాలో తేలక పెద్ద పంచాయితీ అవుతుంది. మహిమకు ఆ మాత్రం లెక్క ఉండొద్దా?

ముందు ఒక కొలత పెట్టుకోవాలి. సోల, మానిక చాలు. నాలుగు సోలలు ఒక మానిక. జాతిలో 400 మంది, తలకు రోజుకు సోలెడు అనుకుంటే ఖర్చు 100 మానికలు. ఊట 120, ఇంకేది 10. రోజుకు 10 మిగులు. ఇప్పుడు యుద్ధం పెట్టండి. మంత్రం వేసేవాడికి సోల చాలదు, మానిక కావాలి. 40 మంది దిగితే అదనంగా 30 మానికలు. మిగులు పోను రోజుకు 20 లోటు. నిల్వ 200 ఉంటే పదో రోజుకు అడుగంటుతుంది. పదిహేనో రోజున కూడా నిప్పులు కురిపించే సేనాపతిని నాలుగో తరగతి పిల్లాడు కూడా నమ్మడు.

లోటు పడగానే జాతి మొత్తం ఒక్కసారి కుప్పకూలడం ఇంకో తప్పు. కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి మడి. అలాగే మొదట దీపాలు మసకబారాలి, తర్వాత గాయాలు మానడం ఆలస్యం కావాలి, ముసలివాళ్లు మంచం పట్టాలి. ఊట దగ్గరి ఇళ్లకు అప్పటికీ ఏమీ కాదు. తూము తాళం ఎవరి చేతిలో ఉందో అక్కడ కథ మొదలవుతుంది. ఊట పొంగితే కలుజు (మిగులు నీళ్లు పొర్లే చోటు) ఎవరి పొలం మీద పారుతుందన్నదీ మంచి కథే, దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆకలినీ వ్యసనాన్నీ కలిపేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆకలికి సోలెడు ఈరోజూ సోలెడే, ఏడాది తర్వాతా సోలెడే. వ్యసనమైతే అదే మత్తుకు రానురాను రెండు సోలలు, మూడు సోలలు కావాలి. మానేస్తే వణుకు, నిద్రలేమి, కొన్నాళ్లకు కోలుకోవడం. ఆకలిగొన్నవాడు మానేస్తే చస్తాడు. రచయిత ఏదో ఒకటి తేల్చుకోకపోతే మొదటి వారం జాలిపడ్డ జాతిని మూడో వారం తిట్టాల్సి వస్తుంది.

ఇదేమీ పరాయి సరుకు కాదు. యజ్ఞంలో హవిర్భాగం (తమ వాటా ఆహుతి) అందకపోతే దేవతలకే బలం తగ్గుతుంది, రాక్షసులు యజ్ఞాల మీద పడేది అందుకే. ప్రవరుణ్ణి హిమాలయాలకు చేర్చిన పాదలేపం మంచుకు కరిగింది గనకే మనుచరిత్ర నడిచింది.

కథతోపాటు ఊట, నిల్వ, ఖర్చు, ఇంకుడు రాసిన అరపేజీ కాగితం కూడా పంపాలని మీ నిబంధనల్లో చేర్చండి. దాన్ని అచ్చు వేయనక్కర్లేదు.

– కొందరు పాఠకులు,
కావలి, నెల్లూరు జిల్లా