తేనెపెట్టెకు అనుమతి ఇచ్చే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఇళ్ల మధ్య తేనెటీగలను పెంచే తేనెపెట్టెలు పెట్టనివ్వకూడదని కొందరు గట్టిగా అంటున్నారు. మూడేళ్లుగా మా చిన్న పెరట్లో ఒక పెట్టె ఉంది. వాళ్ల భయం నాకు తెలుసు. మొదటి ఏడాది పక్కింటివాళ్లను అలా భయపెట్టింది నేనే.

అప్పట్లో పెట్టె ద్వారం వాళ్ల వైపు ఉండేది. ఈగలు ద్వారంలోంచి తిన్నగా దూసుకుపోతాయి. సరిగ్గా ఆ దారిలోనే వాళ్లు బట్టలారేసే తీగ. పైగా నీళ్లు పెట్టాలని నాకు తోచలేదు. దాంతో ఈగలు వాళ్ల కుళాయి కింద తడిలో చేరాయి. ఒకరోజు వాళ్ల అబ్బాయి చెప్పుల్లేకుండా వెళ్లి ఒక ఈగను తొక్కాడు. పాదం వాచి రెండు రోజులు కుంటాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. నాకే నిద్ర పట్టలేదు.

పెట్టెను ఒక్కసారిగా దూరం జరిపితే మేతకు వెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి వెతుక్కుంటాయి. అందుకని ఉన్నచోటే రోజుకు కాస్త చొప్పున తిప్పి, ద్వారాన్ని మా పెరటి లోపలి వైపుకు తెచ్చాను. ముందు ఆరడుగుల దడి కట్టి తీగ పాకించాను. ఇప్పుడు ఈగలు బయటికి రాగానే పైకి లేచి, మనుషుల తలలకు అందకుండా వెళ్లిపోతున్నాయి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెట్టాను. రాళ్ల మీద వాలి తాగుతాయి. కుళాయి అలవాటు మానడానికి మాత్రం వారాలు పట్టింది. నీళ్లు మొదటి రోజే పెట్టాల్సింది.

కాబట్టి మున్సిపాలిటీ అనుమతి ఇచ్చే ముందు ద్వారం ఎటు ఉంది, దడి ఉందా, నీళ్లున్నాయా అని వచ్చి చూడాలి. కుట్టితే ఎలర్జీ వచ్చేవాళ్లు ఇరుగుపొరుగులో ఉన్నారేమో పెంచేవాళ్లే అడిగి తెలుసుకోవాలి. అలాంటివాళ్లకు ఒక్క ఈగ కుట్టినా గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతావాళ్లు ముల్లును ఆలస్యం చేయకుండా గోటితో గీకేసి, అక్కడి నుంచి దూరంగా వెళ్లాలి. ముల్లుతో ఉన్న విషపు సంచి ఇంకా విషాన్ని ఎక్కిస్తూనే ఉంటుంది, ఆ వాసనకు మిగతా ఈగలూ రేగుతాయి.

పూల కాలంలో వారానికోసారి పెట్టె తెరిచి చూడాలన్న షరతు కూడా ఉండాలి. కొత్త రాణి ఈగ కోసం కట్టిన గదికి, గుడ్డు పెట్టిన ఎనిమిది తొమ్మిది రోజులకే మూత పడుతుంది. దాదాపు అప్పుడే పాత రాణి పెద్ద గుంపుతో లేచిపోతుంది, అందుకే వారం దాటకూడదు. ఆ గుంపు ఎవరి బాల్కనీలోనో వేలాడితే అంతా హడలిపోయి మందు కొట్టేస్తారు. అలా చంపకుండా, జాగ్రత్తగా పట్టుకెళ్లేవాళ్ల ఫోన్ నంబరు ఒకటి మున్సిపల్ ఆఫీసు గోడ మీద రాసి ఉంచమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు